స్టార్టరు పెట్టె కొనే ముందు చేను చూసుకోండి

మెట్టకు ఒక రకం, రొయ్యల గుంటకు ఇంకో రకం – ఎర్తు లేకపోతే ఏ రకమూ ప్రాణం కాపాడదు

(మా గ్రామీణ విలేకరి)

నెల్లూరు: మన జిల్లా రైతుకు అసలు వానలు అక్టోబరులో మొదలవుతాయి. ఈశాన్య ఋతుపవనాలు పట్టుకున్నాయంటే డిసెంబరు దాకా ముసురు, మధ్యలో వాయుగుండాలు. పంట కోసం, పశువుల మేత కోసం రైతు ముందే ఏర్పాట్లు చేసుకుంటాడు. బోరు దగ్గర వున్న స్టార్టరు పెట్టె సంగతి మాత్రం మరిచిపోతాడు. తలుపు వూడిపోయిన రేకు పెట్టె, దాని మీద కప్పిన యూరియా సంచి, సంచి ఎగిరిపోకుండా పెట్టిన రాయి – జిల్లాలో ఏ మూలకు పోయినా కనిపించే దృశ్యం ఇదే.

మోటారుకు, పైపులకు, కేబులుకు వేలకు వేలు ఖర్చు పెట్టిన రైతు పెట్టె దగ్గరికి వచ్చేసరికి చెయ్యి బిగపడతాడు. దుకాణానికి పోయి "అన్నా, అయిదు హార్సుపవరు మోటారుకు ఒక పెట్టె ఇయ్యి, చౌకలో చూడు" అంటాడు. దుకాణదారు దగ్గర వున్నదేదో ఇస్తాడు. అది ఎక్కడ బిగిస్తారు, ఎండ ఎటు నుంచి పడుతుంది, పక్కన ఉప్పునీళ్లు వున్నాయా అని అడిగేవారు లేరు, చెప్పేవారూ లేరు. తర్వాత స్టార్టరు కాలిందంటే కంపెనీ మంచిది కాదంటారు. షాకు కొట్టిందంటే తలరాత అంటారు. దేశం మొత్తం మీద 2021వ సంవత్సరంలో 12 వేల మందికి పైగా విద్యుదాఘాతంతో మరణించారు. వారందరూ రైతులు కాకపోవచ్చు. కాని తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడి రోజూ 415 వోల్టుల పెట్టెను ముట్టుకునేది మాత్రం రైతే.

పెట్టెకు రెండు పనులు

పెట్టె అంటే స్టార్టరు తడవకుండా వుండే గొడుగు అని చాలామంది అభిప్రాయం. అది సగం నిజం. బయటి వాన, దుమ్ము, ఎలుక, బల్లి లోపలికి పోకుండా ఆపడం మొదటి పని. లోపలి కరెంటు బయటి మనిషి దాకా రాకుండా ఆపడం రెండవ పని. మొదటి పని చేయకపోతే స్టార్టరు పోతుంది. రెండవ పని చేయకపోతే మనిషి పోతాడు. పెట్టె కొనేటప్పుడు ఈ రెండింటినీ వేర్వేరుగా చూసుకోవాలి. మొదటి పని బాగా చేసే పెట్టె రెండవదాన్ని కూడా చేస్తుందని అనుకోరాదు. గట్టి ఇనప పెట్టెలో చుక్క నీరు పోకపోవచ్చు. కాని లోపల ఒక ఫేజు వైరు తోలు వూడి రేకుకు తగిలిందంటే ఆ పెట్టె అంతా కరెంటే.

చెక్క, రేకు, ఫైబరు

వెనకటి రోజుల్లో వడ్రంగి చేత చెక్క పెట్టె చేయించేవారు. ఎండిన చెక్కలో కరెంటు పారదు, అందువల్ల అది మంచిదని నమ్మకం. ఎండినంత కాలం మంచిదే. నాలుగు రోజులు ముసురు పట్టి చెక్క నీరు పీల్చుకుంటే ఆ గుణం పోతుంది. పైగా చెద పడుతుంది, లోపల నిప్పు రవ్వ పడితే అంటుకుంటుంది. ఈ రోజుల్లో చెక్క పెట్టెను ఎంచుకోకపోవడమే మేలు.

ఎక్కువగా వాడుతున్నది రేకు పెట్టె. దెబ్బకు ఆగుతుంది, తాళం వేసుకోవచ్చు, లోపలి వేడిని కొంత బయటికి వదులుతుంది. రేకు మందాన్ని దుకాణాల్లో గేజిలో చెబుతారు. గేజి అంకె పెరిగేకొద్దీ రేకు పలచన అవుతుందని గుర్తుంచుకోవాలి. 20 గేజి అంటే 0.9 మిల్లీమీటరు, 18 గేజి అంటే 1.2, 16 గేజి అంటే 1.6 మిల్లీమీటర్లు. బొటనవేలితో నొక్కితే తలుపు లోపలికి వంగుతూ వుంటే ఆ పెట్టె చేనికి పనికిరాదు. తలుపు వంగితే రబ్బరు అంచు ఆనదు, సందు పడుతుంది. చేనికి 16 గేజి మంచిది, కనీసం 18 వుండాలి. రంగు వేసిన మామూలు రేకు కన్నా జింకు పూత వున్న రేకు మీద రంగు వేసినది ఎక్కువ కాలం మన్నుతుంది. తుప్పు ఎప్పుడూ కోసిన అంచు దగ్గర, డ్రిల్లు వేసిన బెజ్జం దగ్గర మొదలవుతుంది. మెకానిక్ బెజ్జం వేసిన వెంటనే అక్కడ రంగు పూయించాలి.

మూడవది ఫైబరు పెట్టె. గాజు నార కలిపి అచ్చు పోసిన ఈ పెట్టెలు తుప్పు పట్టవు, కరెంటును పారనివ్వవు. అయితే ఫైబరు పేరుతో పలచని మామూలు ప్లాస్టిక్ డబ్బాలు కూడా అమ్ముతున్నారు. వాటికి ఎండే శత్రువు. రెండు మూడు వేసవులకు తెల్లబారి, పెళుసెక్కి, తలుపు మూస్తుంటే చిట్లుతాయి. ఎండకు ఆగేదా, మంట అంటుకోనిదా అని అడిగి బిల్లు మీద రాయించుకోవాలి.

రెండు అంకెల గుట్టు

పేరున్న కంపెనీల పెట్టెల మీద ఐపీ 42, ఐపీ 54, ఐపీ 65 అని అచ్చు వేసి వుంటుంది. ఇది ధర కాదు, మోడలు నంబరూ కాదు. ఇంగ్లీషు రాకపోయినా తెలుసుకోదగిన సంగతి ఇది.

మొదటి అంకె దుమ్ముకు, పురుగుకు, వేలికి సంబంధించినది. 2 అంటే మనిషి వేలు దూరదు. 4 అంటే ఒక మిల్లీమీటరు తీగ కూడా దూరదు. 5 అంటే కొంచెం దుమ్ము పోయినా లోపలి పని చెడదు. 6 అంటే దుమ్ము అసలు పోదు. రెండవ అంకె నీటికి సంబంధించినది. 2 అంటే పైనుంచి కారే చుక్కలకు మాత్రమే ఆగుతుంది. 4 అంటే ఏ వైపు నుంచి చిలకరించినా ఆగుతుంది. 5 అంటే గొట్టంతో నీళ్లు కొట్టినా ఆగుతుంది.

ఇంటి వరండాలో, షెడ్డులో పెట్టే పెట్టెకు ఐపీ 42 చాలు. అదే పెట్టెను తెచ్చి ఆరుబయట స్తంభానికి కడితే ఏటవాలు జల్లుకు మొదటి వానకే లోపల తడుస్తుంది. చేనులో ఐపీ 54కు తగ్గరాదు. గుంట గట్టు మీద ఐపీ 65 తీసుకోవాలి. అయితే ఈ అంకె కొన్ననాటి పెట్టెకే వర్తిస్తుంది. కేబులు కోసం సుత్తి, ఉలి తీసుకుని పెట్టె పైభాగంలో ఒక బెజ్జం కొట్టామంటే ఆ అంకె అక్కడితో సరి. కేబుళ్లు ఎప్పుడూ పెట్టె అడుగు నుంచే పోవాలి. ప్రతి కేబులుకూ దాని లావుకు తగిన గ్లాండు బిగించాలి. కేబులును పెట్టె కిందికి కొంచెం వేలాడదీసి, మళ్లీ పైకి తిప్పి లోపలికి పంపాలి. అప్పుడు కేబులు వెంట జారే నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

మెట్టలో ఎండ, చీమ, ఎలుక

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల మెట్ట రైతుకు వాన కన్నా ఎండతో బాధ ఎక్కువ. పడమటి ఎండ తగిలేలా పెట్టిన ఇనప పెట్టె మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది. స్టార్టరులో వుండే ఓవర్‌లోడు రిలే వేడికి వంగే పట్టీతో పనిచేస్తుంది. మోటారు ఎక్కువ కరెంటు లాగితే పట్టీ వేడెక్కి వంగి, మోటారును ఆపుతుంది. పెట్టె లోపలి వేడి మితిమీరితే మోటారు మీద భారం లేకపోయినా రిలే పడిపోవచ్చు. రైతు విసిగిపోయి రిలే మీటను పైకి తిప్పిస్తాడు, లేదా తీసివేయిస్తాడు. ఆ తర్వాత నిజంగా భారం పడినప్పుడు ఆపేది లేక మోటారు కాలుతుంది. ఎండ చేసిన పనికి రిలేను శిక్షించడం ఇది.

దీనికి ఉపాయం ఖర్చు లేనిది. పెట్టె తలుపు ఉత్తరం వైపు తిరిగి వుండేలా బిగించాలి. లేత రంగు పెట్టె తీసుకోవాలి. పైన జానెడు ఎడంగా ఏటవాలు రేకు ఒకటి అమర్చితే ఎండకు, వానకు రెండింటికీ పనికివస్తుంది. స్టార్టరు సరిగ్గా పట్టే పెట్టె కాకుండా అంతకు మించి చోటు వున్న పెట్టె కొనాలి. గాలి ఆడుతుంది, మెకానిక్ చెయ్యి ఆడుతుంది, రేపు సింగిల్ ఫేజు ప్రివెంటరు పెట్టాలన్నా స్థలం వుంటుంది.

గాలి కోసం పెట్టిన చీలికలు కిందికి వంగి వుండాలి. లోపలి వైపు సన్నని జాలీ తప్పక వుండాలి. జాలీ లేని చీలిక పురుగులకు వాకిలి. వెచ్చదనం కోసం బల్లులు చేరతాయి. రెండు ఫేజుల మధ్య బల్లి పడితే షార్టు అవుతుంది. చీమలు చేసే నష్టం ఇంకా దొంగది. కాంటాక్టరు పాయింట్ల మధ్య నలిగి, ఒక ఫేజు సరిగా అంటుకోకుండా చేస్తాయి. మోటారు రెండు ఫేజుల మీద మూలుగుతూ తిరిగి చుట్టలు కాలిపోతాయి. ఎలుకలు వైరు తోలు కొరుకుతాయి. అడుగున వాడని బెజ్జాలను తప్పక మూసివేయాలి. కాగితం కుక్కడం, గుడ్డ కుక్కడం మూత కాదు, ఎలుకకు గూడు కట్టి ఇచ్చినట్లే. రబ్బరు బిరడాలు దుకాణాల్లో దొరుకుతాయి.

పూర్తిగా బిగించిన పెట్టెలో మరో చిక్కు వుంది. పగటి వేడిగాలి రాత్రి చల్లబడి లోపలి గోడలకు చెమట పడుతుంది. అందువల్ల అడుగున, ఒక మూల, జాలీ వున్న చిన్న చెమట బెజ్జం వుండాలి. కంపెనీలు దీనికి వేరే బిరడా అమ్ముతాయి.

గుంట గట్టు మీద ఉప్పుగాలి

సముద్రం వైపు మండలాల్లో రొయ్యల గుంటల సంగతి వేరు. అక్కడ ఏరియేటర్లు రాత్రంతా తిరగాలి. తెల్లవారుజామున అవి ఆగిపోతే నీటిలో ప్రాణవాయువు తగ్గి గుంట మొత్తం దెబ్బతింటుంది. అంటే అక్కడ పెట్టె చెడితే స్టార్టరు ఒక్కటే కాదు, పంటే పోతుంది.

ఉప్పుగాలికి మామూలు రేకు నిలవదు. జింకు పూత కూడా మెట్టలో మన్నినంత కాలం ఇక్కడ మన్నదు. స్టెయిన్‌లెస్ అంటే తుప్పు రాదని నమ్మి కొన్నవారు కొన్నాళ్లకు గోధుమరంగు మచ్చలు చూసి ఆశ్చర్యపోతుంటారు. అందులోనూ రకాలు వున్నాయి. వంటపాత్రలకు ఎక్కువగా వాడే 304 రకం ఉప్పుగాలికి మచ్చ పడుతుంది. 316 రకం బాగా తట్టుకుంటుంది, ధర కూడా ఎక్కువ. ఆ ధర పెట్టలేని రైతుకు మంచి ఫైబరు పెట్టె అన్ని విధాలా మేలు. ఫైబరు పెట్టె కొని దానికి ఇనప మడతబందులు, ఇనప మరలు వాడితే మొదట అవే వూడిపోతాయి. వాటిని కూడా చూసి తీసుకోవాలి.

గుంట దగ్గర పనివారి చేతులు, కాళ్లు ఎప్పుడూ తడే. కేబుళ్లు నీటి మీదే తేలుతూ వుంటాయి. అందువల్ల పెట్టెలో 30 మిల్లీఆంపియర్లకు పడిపోయే ఆర్‌సీసీబీ స్విచ్చి వుండాలి. మామూలు ఎంసీబీ వైరును కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. రెండూ చూడడానికి ఒకలాగే వుంటాయి. ఆర్‌సీసీబీకి పరీక్ష బొత్తాం ఒకటి వుంటుంది, అదే గుర్తు. నెలకు ఒకసారి ఆ బొత్తాం నొక్కి స్విచ్చి పడుతున్నదో లేదో చూడాలి. పాత మోటారుకు పెడితే మాటిమాటికీ పడిపోతుందని కొందరు తీసివేస్తున్నారు. చాలాసార్లు అది స్విచ్చి తప్పు కాదు. కేబులులో గాని, మోటారులో గాని కరెంటు కారుతున్నదని చెప్పే హెచ్చరిక.

వరద నేర్పిన ఎత్తు

పెట్టెను కళ్లకు ఎదురుగా, అంటే నేల నుంచి నాలుగున్నర, అయిదు అడుగుల ఎత్తులో బిగించడం వాడుక. పిల్లలకు, మేకలకు అందదు, వంగకుండా చూడవచ్చు. కాని పెన్నా ఒడ్డు పల్లెల్లో ఇంకో లెక్క కూడా వుంది. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది, జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగాయి. నది పక్క పొలం వున్నవారు ఆ ఏడు నీరు ఎంతవరకు వచ్చిందో గుర్తు చూసుకుని, దానికి పైన పెట్టె బిగించాలి. చెయ్యి అందకపోతే కింద సిమెంటు తిన్నె కట్టుకోవచ్చు. ఐపీ 65 పెట్టె కూడా మునకకు తట్టుకోదు. వానకు ఆగడం వేరు, మునగడం వేరు. ఒకసారి మునిగిన స్టార్టరును ఎండలో ఆరబెట్టి వెంటనే కరెంటు ఇవ్వడం ప్రమాదం. మెకానిక్ శుభ్రం చేసి, మెగ్గరుతో పరీక్షించిన తర్వాతనే వాడాలి.

ఎర్తు లేని పెట్టె ఉచ్చు

ఇప్పటివరకు చెప్పినవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఇనప పెట్టెకు ఎర్తు లేకపోతే దాని ఖరీదు ఎంతైనా అది ఉచ్చే. లోపల ఫేజు వైరు రేకుకు తగిలినప్పుడు కరెంటు భూమిలోకి పోవడానికి దారి వెతుకుతుంది. ఎర్తు తీగ వుంటే ఆ దారిన పోయి ఫ్యూజు కొడుతుంది. లేకపోతే పెట్టె మీద చెయ్యి వేసిన మనిషే ఆ దారి.

1956 నాటి విద్యుత్ నిబంధనల కాలం నుంచీ మూడు ఫేజుల మోటారుకు ఒకటి కాదు, రెండు వేర్వేరు ఎర్తు తీగలు వుండాలనే నియమం వుంది. ఒకటి తెగినా రెండవది కాపాడాలని దాని ఉద్దేశం. ఎన్ని పొలాల్లో రెండు కనిపిస్తాయో రైతులే చూసుకోవాలి. గొట్టపు ఎర్తుకు కనీసం 38 మిల్లీమీటర్ల బోలు, రెండున్నర మీటర్ల పొడవు వున్న జీఐ పైపు నిలువునా పాతాలని ఐఎస్ 3043 ప్రమాణం చెబుతున్నది. అడుగడుగునా బొగ్గు, ఉప్పు వేసి, వేసవిలో నీళ్లు పోస్తూ వుండాలి. గడ్డపార ముక్క జానెడు లోతున దిగగొట్టి దానికి తీగ చుట్టడం ఎర్తు కాదు.

ఎందుకు కాదో చిన్న లెక్క చూస్తే తెలుస్తుంది. ఒక ఫేజుకు 240 వోల్టులు. ఎర్తు గుంట అడ్డు 4 ఓములు వుంటే పెట్టెకు వైరు తగిలినప్పుడు 60 ఆంపియర్లు పారుతుంది, 15 ఆంపియర్ల ఫ్యూజు వెంటనే కొడుతుంది. అదే ఎండిన రాతి నేలలో అడ్డు 24 ఓములు వుంటే 10 ఆంపియర్లే పారుతుంది. ఫ్యూజు కొట్టదు, మోటారూ ఆగకపోవచ్చు, పెట్టె మాత్రం కరెంటుతో నిలబడి వుంటుంది. ఫ్యూజు స్థానంలో లావు రాగి తీగ, జీఐ తీగ కట్టినవారి సంగతి చెప్పనక్కరలేదు. అక్కడ మంచి ఎర్తు వున్నా ఫ్యూజు కొట్టదు. మెట్ట రైతు వేసవిలో ఎర్తు గుంటకు రెండు కడవల నీళ్లు పోయడం ఎందుకో ఈ లెక్కే చెబుతుంది. ఆర్‌సీసీబీ విలువ కూడా ఇక్కడే తెలుస్తుంది.

న్యూట్రలుకు పెట్టెను కలిపి అదే ఎర్తు అనుకునేవారు వున్నారు. లైనులో న్యూట్రలు తెగిన రోజు పెట్టె మొత్తానికి కరెంటు వస్తుంది. బోరు కేసింగు పైపుకు కట్టడం మరో అలవాటు. కేసింగు ప్లాస్టిక్‌ది అయితే ఆ తీగ వుత్త అలంకారమే.

ఇంకొక సంగతి చాలామంది మెకానిక్‌లు కూడా వదిలేస్తారు. పెట్టెకు ఎర్తు ఇచ్చినంత మాత్రాన తలుపుకు ఇచ్చినట్లు కాదు. మడతబందుల మీద రంగు, తుప్పు వుండడం వల్ల తలుపుకు ఎర్తు సరిగా అందదు. మీట, బొత్తాలు వుండేది తలుపు మీదే, రైతు ముట్టుకునేదీ తలుపునే. అందువల్ల పెట్టె నుంచి తలుపుకు మెత్తటి అల్లిక రాగి తీగ ఒకటి వేయించాలి. కొనేటప్పుడు తలుపు తెరిచి ఆ మర వుందా లేదా అని చూస్తే కంపెనీ పనితనం తెలిసిపోతుంది.

పంచాయతీ ఆఫీసులో మరో పెట్టె

ఇప్పుడు పల్లెకు కరెంటు పెట్టెతో పాటు ఇంటర్నెట్ పెట్టె కూడా వచ్చింది. పంచాయతీలన్నిటికీ ఆప్టికల్ ఫైబరు వేసే పథకానికి కేంద్ర ప్రభుత్వం 2011లో ఆమోదం తెలిపింది. తర్వాత దానికే భారత్‌నెట్ అని పేరు పెట్టారు. పంచాయతీ ఆఫీసుల్లో, బడుల్లో, కేబుల్ ఆపరేటర్ల ఇళ్లలో ఈ పరికరాలు గోడ బీరువాల్లో వుంటున్నాయి. వీటిని ర్యాకులంటారు. సర్పంచులు, హెడ్మాస్టర్లు ర్యాకు కొనవలసి వస్తే పై సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది. ముందు చోటు చూడాలి, తర్వాత పెట్టె.

ర్యాకు వెడల్పు అన్ని కంపెనీలకూ ఒకటే, 19 అంగుళాలు. ఎత్తును యు అనే కొలతలో చెబుతారు. ఒక యు అంటే ఒకటిముప్పావు అంగుళం. చిన్న ఆఫీసుకు 6యు, 9యు సరిపోతాయి. ఎక్కువమంది పొరపడేది లోతు దగ్గర. పరికరం లోతు కొలిచి, వెనక తీగల వంపుకు నాలుగైదు అంగుళాలు కలిపి కొనాలి. లేకపోతే తలుపు మూసుకోదు. ఫైబరు తీగను గట్టిగా మడిస్తే వెలుతురు ఆగి లైను పోతుంది.

నీళ్ల ట్యాంకు కింద, చెమ్మ పట్టే గోడకు ర్యాకు బిగించరాదు. ఫ్యాను గాలి లోపలికి వచ్చే చోట వడపోత గుడ్డ వుండాలి, నెలకొకసారి దులపాలి. యాసిడ్ బ్యాటరీని అదే బీరువాలో మూసిపెట్టరాదు. దాని నుంచి వచ్చే వాయువు మండేది, ఆవిరి తీగలను తినేస్తుంది. ఫైబరులో కరెంటు వుండదు గదా అని ఎర్తు మానుకోరాదు. స్తంభాల మీద లాగిన చాలా ఫైబరు తీగల్లో బలం కోసం ఉక్కు తీగ వుంటుంది. అది కరెంటు లైనుకు తగిలినా, దగ్గరలో పిడుగు పడినా ఆ దెబ్బ ఆ తీగ వెంట ఆఫీసులోకి వస్తుంది. ఆ ఉక్కు తీగను గోడ బయటే ఆపివేయాలి. ర్యాకుకు ఎర్తు ఇవ్వాలి.

దుకాణంలో అయిదు నిమిషాలు

పెట్టె కొనే రైతు సోదరులు దుకాణంలో అయిదు నిమిషాలు నిలబడి ఈ పరీక్షలు చేసుకోవచ్చు. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగాలి. సులువుగా వచ్చేస్తే రబ్బరు ఆనడం లేదన్నమాట. నాలుగు వైపులా అలాగే చూడాలి. బొటనవేలితో రేకు నొక్కి చూడాలి. కేబులు దారి అడుగున వుందా, పెట్టెకు, తలుపుకు ఎర్తు మరలు వున్నాయా, తాళం పడుతుందా అని చూడాలి. ఐపీ అంకె, గేజి బిల్లు మీద రాయమనాలి. రాయనన్న దుకాణంలో కొనకపోతే సరి.

ఇప్పటికే పెట్టె వున్నవారు ముసురు పట్టక ముందే ఒక పూట దీనికి కేటాయించాలి. ముందుగా మెయిన్ తీసివేయాలి, టెస్టరుతో మూడు ఫేజులూ చూడాలి, కాళ్లకు పొడి చెప్పులు వుండాలి. ఆ తర్వాతనే తలుపు తెరిచి గూళ్లు తీయడం, బెజ్జాలు మూయడం, ఎర్తు మరలు బిగించడం చేయాలి. ముట్టుకుంటే జివ్వుమనే పెట్టెను "అది ఎప్పుడూ అంతే" అని సరిపెట్టుకోరాదు. అది పెట్టె చేసే చివరి హెచ్చరిక. అటువంటి పెట్టెను ఎవరూ తాకకుండా చూసి, మెకానిక్‌ను పిలిపించాలి. లోపం లైనులోగాని, ట్రాన్స్‌ఫార్మరు దగ్గరగాని వుంటే రైతు స్వయంగా స్తంభం ఎక్కరాదు. లైన్‌మన్‌కు కబురు చేయాలి, లేదా 1912 నంబరుకు ఫోను చేయాలి.